రెండో అమ్మ కుర్చీ

"నువ్వే చెప్పు అత్తా. తియ్యమంటే ఇప్పుడే తీసేస్తాను" అంది ఇలైసానె.

లోసేలి ఆ చీటీవంకే చూసింది.

ముందుగది నిండా చాప పరిచి ఉంది. దాని మీద ఇరవై రెండు కాగితం పళ్ళేలు. ఒక్కో పళ్ళెం విందుహాల్లో ఒక్కో బల్ల అన్నమాట. పళ్ళెం చుట్టూ పదేసి పేర్ల చీటీలు. గోడవైపు బిస్కెట్ల అట్టపెట్టెని చింపి పొడుగ్గా పరిచినది వేదిక మీది బల్ల. వచ్చే శనివారం పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ ఇరువైపులా తల్లిదండ్రులతో కూర్చునేది అక్కడే. ఆ అట్ట మీద ఇలైసానె పేరు పక్కన 'అమ్మ - అలీసి', 'నాన్న - సోసాయా' అని రెండు చీటీలు వారం రోజులుగా ఉన్నాయి. పొద్దున్న ఇలైసానె తన పేరుకీ అలీసి పేరుకీ మధ్య కాస్త చోటు చేసి ఇంకో చీటీ పెట్టింది. 'అమ్మ - లోసేలి.'

అంతే, ఇంట్లో పొయ్యి వెలగలేదు. అలీసి పడకగదిలోకి పోయి తలుపేసుకుంది. సోసాయా వంటింటి అవతల కారు షెడ్డులోకి పోయి కూర్చున్నాడు. వాళ్ళు కబురు పెట్టకపోయినా, రెండు వీధుల అవతల ఉండే లోసేలి కుట్టుపని చూపిద్దామని వచ్చి ఈ గొడవలో పడింది. ఆమె వెంట వచ్చిన చెల్లెలు వికా సోఫాలో కాళ్ళు ముడుచుకుని రొట్టెకి వెన్న పూసుకు తింటోంది. ఇల్లు అంటుకున్నా ఆకలి చంపుకునే మనిషి కాదు వికా.

"తియ్యకపోతే ఏమవుతుందో నేను చెప్పనా?" అంది వికా నోట్లో రొట్టెతోనే. "అదిగో, ఆ మూల మేనత్త గద్దె. ఖాళీగా ఉంది చూడు. పెళ్ళిలో ఫహూ లేని గద్దె మన టోంగా వాళ్ళలో ఎవరైనా చూశారటే? పాస్టరుగారు ప్రార్థనకి లేచేముందు అటే చూస్తారు. కేకు పై అంతస్తు ఎవరి ముందు పెడతారు? పాస్టరుగారి కుక్క ముందా?"

"నీ ముందు పెడతాం చిన్నత్తా. నువ్వూ నాన్నకి చెల్లెలివేగా" అంది ఇలైసానె.

"నాకేం, కూర్చుంటాను. కొత్త గౌను కూడా ఉంది. కానీ పెద్దది బతికుండగా చిన్నది గద్దెక్కితే నలుగురూ నా మొహాన ఉమ్మేస్తారు."

లోసేలి ఆ మూలకి చూసింది. అక్కడ పళ్ళెం లేదు, అల్లిన చిన్న గుడ్డ ముక్క మాత్రం పరిచి ఉంది. హాల్లో ఆ చోట మెత్తటి చాపలు దొంతరగా వేసి, చెట్టుబెరడు గుడ్డ పరిచి, దాని మీద కుర్చీ వేస్తారు. పెళ్ళికూతురి తండ్రికి పెద్దక్క, అంటే ఫహూ, అక్కడ కూర్చోవాలి. వచ్చిన వాళ్ళందరిలోనూ ఆవిడే గొప్ప. మొదటి చాప ఆవిడకే, మొదటి పందిపిల్ల ఆవిడకే. ఇలైసానె బాప్తిస్మానికీ, మొదటి పుట్టినరోజుకీ, ఇరవై ఒకటో పుట్టినరోజుకీ లోసేలి ఆ గద్దె మీదే కూర్చుంది. వచ్చిన వాళ్ళంతా వంగి ఆమె బుగ్గకి బుగ్గ ఆనించి వెళ్ళారు. ఆ పిల్లని కన్నది ఆమేనని సగం మందికి తెలుసు. తెలిసినట్టు ఒక్కరూ కనపడనివ్వలేదు.

ఇరవయ్యారేళ్ళ కిందటి మాట. మూడో కాన్పు కూడా పోయి అలీసి అన్నం మానేసి మంచం పట్టింది. అదే ఏడు లోసేలి మొగుడు ఇంకో మనిషితో ఆక్లండు వెళ్ళిపోయాడు, కడుపుతో ఉన్నదాన్ని సిడ్నీలో ఒంటరిగా వదిలేసి. పిల్ల పుట్టిన ఆరో వారం వాళ్ళమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుని, తమ్ముడు అడగలేక నా చేత అడిగిస్తున్నాడే, అంది. లోసేలి పిల్లకి కడుపునిండా పాలిచ్చి, దుప్పట్లో చుట్టి ఆవిడ చేతికిచ్చింది. ఆ తర్వాత ఆమెకి పిల్లలు లేరు.

అన్నదమ్ముల ఇంట్లో ఆడపడుచు ఏది కావాలంటే అది తీసుకుపోవచ్చు. కాదనడానికి లేదు. వికా అలా రెండు టీవీలూ, ఒక ఫ్రిజ్జూ, సోసాయా వేసుకోబోతున్న కొత్త చొక్కా కూడా పట్టుకుపోయింది. లోసేలి మాత్రం ఆ ఇంటినుంచి ఒక చెంచా అయినా అడగలేదు. అడగడం మొదలుపెడితే ఏమడుగుతుందో ఆమెకి బాగా తెలుసు, అందుకని నోరు కట్టుకుంది.

"ఎప్పట్నుంచి తెలుసే నీకు?" అని అడిగింది చివరికి.

"పదహారేళ్ళప్పుడు. చర్చి వంటింట్లో చేమాకులు కడుగుతూ ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. నేను గుమ్మం వెనకున్నానని చూసుకోలేదు."

"పదేళ్ళు. ఒక్క మాట అడగలేదే!"

"అడిగితే అమ్మ ఏడుస్తుంది. నువ్వూ ఏడుస్తావు. నాన్న మాట్లాడ్డం మానేస్తాడు. ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను."

"మరి ఈ గొడవ ఇప్పుడెందుకు తల్లీ? వారంలో పెళ్ళి పెట్టుకుని!"

ఇలైసానె చాప అంచు పీచుని గోటితో పీకుతూ కూర్చుంది. "పెళ్ళయితే మోసెసెతో పెర్త్ వెళ్ళిపోతాను అత్తా. మళ్ళీ ఇంతమందిలో నువ్వూ నేనూ ఒకచోట కూర్చునేది ఎప్పుడు? నిన్న ఫోటోలన్నీ తిరగేశాను. అన్నిట్లోనూ నువ్వు ఎక్కడో ఎత్తున కూర్చుని ఉన్నావు. ఏ ఒక్క ఫోటోలోనూ నీ చెయ్యి నా మీద లేదు."

పిల్ల తల నిమరాలని లోసేలి చెయ్యి లేచింది. పడకగది తలుపు చప్పుడైంది. చెయ్యి ఒళ్ళో పెట్టేసుకుంది.

అలీసి బయటికొచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. తల మాత్రం నున్నగా దువ్వుకుంది. ఎవరివంకా చూడకుండా వంటింటివైపు నడుస్తూ, "టీ పెడుతున్నాను వదినా. మీరు పొద్దున్నుంచి ఏమీ తీసుకోలేదు" అంది.

"వద్దు అలీసీ."

"వద్దంటే ఎలా? ఇంటికొచ్చిన పెద్దవారు." వంటింట్లో కెటిల్ పెట్టింది. అట్ట దగ్గరికొచ్చి వంగి చూసింది. "చీటీ బాగా రాశావే. నా పేరుకన్నా పెద్దక్షరాలు."

"అమ్మా! కలం మారింది, అంతే."

"నేనేమన్నాను? బాగుందన్నానంతే. ఇద్దరమ్మలుంటే అదృష్టం కదూ! నీకు ఏడేళ్ళప్పుడు జామచెట్టు మీంచి పడి గడ్డం చీరుకున్నప్పుడు ఆస్పత్రిలో ఎంతమంది అమ్మలున్నారో ఆ డాక్టర్నడుగు. ఒక్కతే ఉంది. జుట్టు చెదిరిపోయి, కాలికి చెప్పుల్లేకుండా."

"ఆ రోజు నేనూ వచ్చాను అలీసీ" అంది లోసేలి.

అలీసి వెనక్కి తిరిగింది.

"బయట కార్లు నిలిపే చోట ఉన్నాను. రెండు గంటలు. లోపల పిల్ల దగ్గర తమ్ముడున్నాడు, అక్కని, తనున్న గదిలోకి నేనెలా వస్తాను? మీరు దాన్ని ఎత్తుకుని బయటికి రావడం చూసి, గడ్డానికి తెల్ల పట్టీ చూసి, అప్పుడు బస్సెక్కాను."

వికా నమలడం మానేసింది. వంటింట్లో కెటిల్ కూసి కూసి ఆగిపోయింది.

"నాకు చెప్పలేదేం వదినా?" అంది అలీసి.

"చెప్తే ఏం చేసేదానివి?"

"ఏమో. ఏమీ చేసేదాన్ని కాదేమో." అలీసి సోఫా చేతి మీద కూలబడింది. "నేను కడుపున మొయ్యలేదు వదినా, ఒప్పుకుంటాను. మూడుసార్లు మోస్తే మూడుసార్లూ దేవుడు లాక్కుపోయాడు. మీరిచ్చారు కాబట్టి బతికాను. రోజూ ప్రార్థనలో మీ పేరే ముందు చెప్తాను, పిల్లనడగండి. కానీ ఇరవయ్యారేళ్ళుగా నాకో భయం. ఎప్పుడో ఒకరోజు మీరు చెయ్యి చాస్తారు, ఆయన కాదనలేరు, నా ఒళ్ళు ఖాళీ అయిపోతుంది, అని. అది చిన్నగా ఉన్నన్నాళ్ళూ మీరొచ్చి వెళ్ళాక తలుపుకి గడియ పెట్టుకునేదాన్ని."

"ఛ, అవేం మాటలు!" అంది వికా.

"నిజం మాటలు."

లోసేలికి కోపం రాలేదు. ఆ గడియ చప్పుడు ఆమె చాలాసార్లు విన్నది, గేటు దాటకముందే.

వికా ఉన్నట్టుండి సోఫా మీంచి కిందికి దూకి అట్ట దగ్గర చతికిలబడింది. "ఓసి పిచ్చిమొహమా! ఇదేమిటే? మీ నాన్నకీ మీ అత్తకీ మధ్య ఎన్ని కుర్చీలున్నాయో చూశావా? ఒక్కటి. ఒకే బల్లకి అక్కాతమ్ముళ్ళని కూర్చోబెడతావా నువ్వు?"

ఇలైసానె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ పిల్లకి తెలియక కాదు. వారం రోజులుగా ఆమె పడ్డ పాటంతా దాని గురించే. పెద్దయ్యాక అన్నాచెల్లెళ్ళు, అక్కాతమ్ముళ్ళు ఒక గదిలో కూర్చోరు, పెద్ద విందుహాల్లోనైనా ఒక బల్ల మీద తినరు, ఒకరి ముందు ఒకరు నోరు జారరు. సోసాయాకి పన్నెండేళ్ళు రాగానే అతని పడక మగపిల్లల గుడిసెలోకి మార్చేశారు. ఆనాటినుంచీ అక్క ఉన్న గదిలో అతను కూర్చోలేదు. రెండు వందల పైచిలుకు జనంలో ఎవరు ఎవరికి అన్నో, ఎవరు ఎవరికి పెదతల్లి కూతురో విచారించి, అందర్నీ వేరువేరు పళ్ళేలకి మార్చింది ఇలైసానె. ఒక్కచోట తప్పింది.

"అమ్మ అని రాశాను కదా చిన్నత్తా" అంది సన్నగా. "అలా రాసేసరికి నాన్నకి అక్క అన్న సంగతి తట్టనే లేదు."

ఆ మాటకి లోసేలి కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. తలొంచుకుని గౌను అంచు సర్దుకుంది.

ఫోను మోగింది. విందుహాలు ఆవిడ. ఐదింటికల్లా బల్లల పట్టీ పంపకపోతే పేర్ల కార్డులు వెయ్యలేమని చెప్పి పెట్టేసింది. అప్పటికి నాలుగు దాటింది.

"ఆయన్ని అడిగొస్తాను" అని అలీసి లేచి వంటింట్లోంచి షెడ్డుకి పోయింది. తలుపు చెక్క పల్చటిది, అతను పొద్దున్నుంచీ అన్నీ వినే ఉంటాడు. అయినా మాట ఒకరు మోసుకుపోవాలి, ఒకరు మోసుకురావాలి. అలీసి అరచేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చింది.

"అక్క ఏమంటే అదే, అంటున్నారు. అక్క నోటితోనే రావాలిట."

ముగ్గురూ లోసేలివంక చూశారు.

వద్దు, చీటీ తీసెయ్యండి, నేను గద్దె మీదే కూర్చుంటాను - ఈ మాట ఆమె నాలిక చివరే ఉంది. ఇరవయ్యారేళ్ళుగా అలాంటి మాటలే అంటూ వచ్చింది, కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. అంటే సరిపోయేది. అలీసి మొహం తేటపడేది, టీ వచ్చేది, వికా మళ్ళీ రొట్టె అందుకునేది. లోసేలి నోరు తెరిచింది.

"ఉంచండి ఆ చీటీ" అంది. "నేను అక్కడే కూర్చుంటాను."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"అక్కా!" అంది వికా. "మతుండే మాట్లాడుతున్నావా?"

"ఉండే మాట్లాడుతున్నా. దాని పక్కన కూర్చోవాలని ఉంది నాకు. కన్నాను. ఒక్క పూట కూర్చుంటాను."

అలీసి మళ్ళీ షెడ్డుకి వెళ్ళింది. ఈసారి చాలాసేపు రాలేదు. వచ్చి, తిన్నగా అట్ట దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, 'నాన్న - సోసాయా' చీటీ వేళ్ళతో పైకి తీసింది. చివరి పళ్ళెం దగ్గరికి, హాలు వెనకతలుపు పక్కన పందుల్ని కాల్చేవాళ్ళకీ వంటవాళ్ళకీ వేసిన ఇరవై రెండో బల్ల దగ్గరికి జరిగి, అక్కడ పెట్టింది.

"అమ్మా, ఏం చేస్తున్నావు?" ఇలైసానె ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఆయన చెప్పినట్టు చేస్తున్నాను. అక్క బల్ల దగ్గర తను ఉండకూడదు కదా. పొగలో నిలబడి పంది తిప్పడం తనకి అలవాటేనన్నారు."

"కోపంగా అన్నాడా?" అని అడిగింది లోసేలి.

"లేదు వదినా. మామూలుగానే అన్నారు. తన మంచి చొక్కా వెతకద్దన్నారు, పొగచూరిపోతుందని." అలీసి మళ్ళీ అట్ట దగ్గరికి వంగి తన చీటీ కూడా తీసింది, సోసాయా చీటీ పక్కన పెట్టింది. "ఆయన ఎక్కడ తింటే నేనూ అక్కడే. నాకు పట్టింపేమీ లేదు, ఎవరినీ తప్పుపట్టడం లేదు. మొగుడు వెనక పొగలో ఉంటే నేను పూలు పెట్టుకుని వేదిక మీద ఎలా కూర్చుంటాను?"

"అమ్మా, వద్దు! నువ్వు లేకుండా, నాన్న లేకుండా నాకు పెళ్ళేమిటి?" ఇలైసానె లోసేలివైపు తిరిగింది. "మాట వెనక్కి తీసుకో అత్తా. నేనే తప్పు చేశాను. నీ కాళ్ళు పట్టుకుంటాను, తీసుకో."

"నీ పక్కన కూర్చోమని నువ్వే కదే అడిగావు" అంది లోసేలి.

అలీసి అప్పటికే లేచి తువాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెనకవాకిట్లోకి పోతోంది. "అమ్మా! అమ్మా, ఆగు!" అంటూ ఇలైసానె ఆమె వెంట పరిగెత్తింది. వికా అట్ట దగ్గర్నుంచి లేచి, "సంతోషమేనా అక్కా?" అని వాళ్ళ వెనకాలే వెళ్ళింది.

గదిలో లోసేలి ఒక్కతే మిగిలింది.

అట్ట మీద పెళ్ళికూతురికి ఒక పక్క మోసెసె, వాళ్ళమ్మా నాన్నా. ఇంకో పక్క తన చీటీ. అంతే. లోసేలి దాన్నే చూస్తూ కూర్చుంది. సిగ్గేసింది. ఏడుపొచ్చింది. వెనకవాకిట్లో అలీసి వెక్కిళ్ళు వినిపిస్తున్నాయి. అయినా చీటీ తియ్యడానికి చెయ్యి పోలేదు. తీస్తే ఈ జన్మకి మళ్ళీ పెట్టేవాళ్ళు లేరు.

వంటింటి గుమ్మంలో అడుగుల చప్పుడైంది.

సోసాయా. గుమ్మానికి అవతలే ఆగాడు. పాత బనీను, మోకాళ్ళ దగ్గర వెలిసిన ప్యాంటు. వాటి మీద నడుముకి అల్లిన చాప చుట్టుకుని, తాడుతో బిగించి కట్టుకున్నాడు. అది చర్చికి కట్టుకునేది, చావులకి కట్టుకునేది. అక్కతో మాట్లాడాలని షెడ్డులో వెతుక్కుని మరీ కట్టుకున్నట్టున్నాడు. తలొంచుకుని నేలవైపు చూస్తున్నాడు. అతని నడినెత్తిన జుట్టంతా తెల్లబడిపోయిందని లోసేలి అప్పుడే చూసింది.

"అక్కా, చీటీలు మార్చేశాం. పట్టీ పంపించేస్తాను" అన్నాడు. "ఇంకేమైనా కావాలా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడుగుతున్నాడు. కావాలంటే ఇల్లు రాసిచ్చేవాడే. అతని వెనక, వాకిట్లోంచి వచ్చిన ఆడవాళ్ళు ముగ్గురూ ఆగిపోయారు. ఇలైసానె అలీసిని నడుం చుట్టూ గట్టిగా పట్టుకుని ఉంది.

"కావాలి" అంది లోసేలి.

"చెప్పు."

ఆమె తన ముందు ఉన్న పళ్ళేలు రెండు పక్కకి జరిపి, చాప మీద చోటు చేసింది.

"లోపలికొచ్చి ఇక్కడ కూర్చో."

"వదినా!" అంది అలీసి.

సోసాయా తలెత్తలేదు. మెడ మీద నరం ఉబ్బింది. అక్క అడిగింది కాదనకూడదని నేర్పింది వాళ్ళమ్మే. అక్క ఉన్నచోట కూర్చోకూడదని నేర్పిందీ ఆవిడే. యాభై రెండేళ్ళు వచ్చిన మనిషి గుమ్మం చెక్క పట్టుకుని నిలబడ్డాడు.

"అదొక్కటీ అడక్కు అక్కా" అన్నాడు.

"ఆనాడు అమ్మ చేత నువ్వు అడిగించినప్పుడు" అంది లోసేలి, "నేను ఆ మాట అనలేదు సోసాయా."

సోసాయా కుడికాలి చెప్పు విడిచాడు. రెండోది విడవకుండా, గుమ్మానికి అవతలే ఉండిపోయాడు.